ఐస్ ఫ్యాక్టరీ సినిమాలో మా ఆయన గొంతు

మా ఆయన గొంతు అంటూ నా దగ్గర మిగిలింది ఒక్క దగ్గు.

అది ఒక క్యాసెట్టు చివర ఉంది. మా ఆడపడుచు మొగుడితో కువైట్‌లో ఉన్న రోజుల్లో మేం ఉత్తరాలు రాసుకునేవాళ్ళం కాదు. నాకు అప్పటికి అక్షరాలు రావు. ఆయనకు వచ్చినా కలం పట్టడమంటే బద్ధకం. మా వీధిలో అందరిలాగే క్యాసెట్టులోకి మాట్లాడి, అటు వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం. వాళ్ళు రెండో వైపు మాట్లాడి తిప్పి పంపేవారు. అలా తిరిగొచ్చిన క్యాసెట్టు ఒకటి రేడియో పక్కన ఉండిపోయింది. ఆయన పోయిన రోజు ఇంటి నిండా జనం. పొరుగింటి పిల్ల మంచి చేద్దామనుకుంది. రేడియోలో వస్తున్న ఖురాన్ పారాయణం దుఃఖదినాల్లో ఇంట్లో వినిపిస్తూ ఉండాలని, చేతికందిన క్యాసెట్టు మీదికి ఎక్కించింది. చేతికందింది అదే.

ఎవరిని తిట్టను? దేవుడి మాట కింద ఆయన మాట పూడిపోయింది. దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. పారాయణం అయిపోయి టేపు ఆగిపోయేలోపు చిన్న ముక్క మిగిలింది. అందులో ఆయన దగ్గుతాడు. ఏదో చెప్పబోతున్నట్టు ఊపిరి పీల్చుకుంటాడు. టేపు అయిపోతుంది.

ముఖం నాకు బాగానే గుర్తుంది. గోడ మీద ఫోటో ఉంది. నడక గుర్తుంది. చేతుల వాసన గుర్తుంది. గొంతు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ అరిగిపోయింది. బొంగురు గొంతు, లావు గొంతు అని తెలుసు. తెలిసి ఉండటం వేరు, వినబడటం వేరు.

అందుకే వజీహ్ అనే కుర్రాడు మా తలుపు తట్టి, ఒక పాత సినిమాలో ఆయన గొంతు ఉందని చెప్పినప్పుడు నాకు ఇంకేదీ వినబడలేదు.

ముందు తలుపు తీసింది మా అమ్మాయి సబ్రీన్. తీసి, లోపలికి తల తిప్పి అంది. "అమ్మా, ఎవరో సూటు వేసుకున్నాయన వచ్చాడు. నాన్న సినిమా స్టారంటున్నాడు. కుర్చీ వెయ్యనా, పిచ్చాసుపత్రికి ఫోన్ చెయ్యనా?"

"ముందు కుర్చీ వెయ్యి" అన్నాను.

కుర్రాడికి ముప్ఫై ఉంటాయేమో. బ్యాంకులో పని. చంకలో పొడుగాటి అట్టగొట్టం. కూర్చోకుండానే అందులోంచి ఒక పాత పోస్టరు తీసి మా మంచం మీద పరిచాడు. చేత్తో గీసిన పోస్టరు. పైన రక్తం కారుతున్నట్టు రాసిన అక్షరాలు. అప్పటికి నేను మసీదు పైగదిలో అక్షరాల తరగతికి మూడేళ్ళుగా వెళ్తున్నాను కాబట్టి కూడబలుక్కుని చదివాను. 'ఐస్ ఫ్యాక్టరీలో శవం.' హీరో ఎక్కడో కింద మూల పిస్తోలు పట్టుకుని చీమంత ఉన్నాడు. నడిమధ్యన, భుజం మీద ఐసుగడ్డల కొక్కెంతో, పోస్టరు సగం ఆక్రమించి మా ఆయన ఉన్నాడు.

"ఈయన బయ్యూమీ గారే కదా పెద్దమ్మా?" అన్నాడు వజీహ్. "ఎక్స్‌ట్రాలు కూర్చునే కాఫీ హోటల్లో ముసలి సర్వరు చెప్పాడు, కబేళా వెనక పేట, జైన్‌హుమ్‌లో ఉండేవాడని. నెల నుంచి వీధి వీధీ అడుగుతున్నాను."

ఆయనే. పగలు కబేళాలో మాంసం మోసేవాడు. పని లేని రోజున ఊళ్ళోకి వెళ్ళి ఆ కాఫీ హోటల్లో కూర్చునేవాడు. దొంగలు కావాలన్నా, జైల్లో ఖైదీలు కావాలన్నా, పెళ్ళిలో కొట్లాడేవాళ్ళు కావాలన్నా ఎక్స్‌ట్రాలను కుదిర్చే మేస్త్రీ వచ్చి ఒడ్డూ పొడుగూ చూసి లారీ ఎక్కించేవాడు. అలా ఎన్ని సినిమాల్లో దెబ్బలు తిన్నాడో లెక్క లేదు. నోరు తెరిచి మాట్లాడే వేషం ఇచ్చింది మాత్రం ఈ ఒక్క సినిమాలోనే.

"ఆ సినిమా ఎవరూ చూడలేదు కదా బాబూ" అన్నాను. రంజాన్ నెలలో, ఎవరూ సినిమాకు పోని రోజుల్లో విడుదల చేశారు. ఆ వారమే యుద్ధం మొదలైంది. ఊరంతా దీపాలు ఆర్పేశారు.

"ఎవరూ చూడలేదు కాబట్టే అందరికీ కావాలి పెద్దమ్మా. బేరూత్ నుంచి ఒకాయన ఈ పోస్టరు కోసం విమానమెక్కి వచ్చాడు. నేను ఇవ్వలేదు."

సబ్రీన్ టీ గ్లాసు అతని ముందు పెట్టింది. "మా ఇంట్లో నిన్నటి వంకాయ కూర కూడా ఎవరూ ముట్టలేదు. బేరూత్ ఆయనకి చెప్తావా?"

కుర్రాడు నవ్వాడు. మంచివాడే. వాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారట, ఇలాంటి సినిమాల వెంటపడేవాళ్ళు. వాళ్ళకు పెద్ద లుత్ఫీ గారని కంటి డాక్టరు. శుక్రవారం సంతలో తుక్కు సామాన్లలో దొరికిన రీళ్ళు ఆయన కొన్నాడు. మధ్యలో రెండు రీళ్ళు లేవు. ఉన్నవాటిని శుభ్రం చేయించి ఇంట్లో వేసుకుని చూస్తారు.

అతని చూపు గోడ మీద ఫోటో మీదే ఉంది. షూటింగు రోజున ఫోటోగ్రాఫరు తీసి ఇచ్చిన ఫోటో అది. మంచు పొగలో కొక్కెం పట్టుకుని, పెదాలు బిగించి, ఎవరినో చంపేసేలా చూస్తూ నిలబడి ఉంటాడు. చంపే చూపు రావడం కోసం మీ అమ్మ నాకివ్వాల్సిన బాకీ తలుచుకున్నానే అనేవాడు.

"ఇది పోయిన రీళ్ళలో సీను పెద్దమ్మా" అన్నాడు వజీహ్, గొంతు తగ్గించి. "ఇంకెక్కడా లేదు. మాకిస్తారా? కాపీ తీసి మీకిస్తాం. అసలుది మా దగ్గర పదిలంగా ఉంటుంది."

నేను వేరే మాట అడిగాను. "ఉన్న రీళ్ళలో ఆయన మాట్లాడతాడా?"

"మాట్లాడకపోవడమేంటి? ఆ మాట మాకందరికీ నోటికొచ్చు. నిజం చెప్పాలంటే ఆ గొంతు కోసమే మాకు ఆ సినిమా."

సబ్రీన్ నా వైపు చూసింది. నేను ఎటు చూశానో నాకు తెలియదు.

"సినిమా నాకు చూపించు" అన్నాను. "ఫోటో తెచ్చి ఇస్తాను."

*

ఆ మాట ఏమిటో నాకు తెలుసు. ఆ చలికాలం మా ఇంట్లో అది తప్ప వేరే మాట లేదు. పోలీసు అధికారి ఐస్ ఫ్యాక్టరీకి వస్తాడు. ఐసుగడ్డల మధ్య శవం ఉంటుంది. కాపలాగా ఉన్న మా ఆయన్ని, వీడికి ఒంటి మీద బట్టల్లేవేంరా అని అడుగుతాడు. ఆయన కొక్కెం దించకుండా అనాలి: "చచ్చినోళ్ళకి చలెయ్యదు దొరగారూ."

గడ్డం గీసుకుంటూ అనేవాడు. మెట్లెక్కుతూ అనేవాడు. నన్ను వంటగదిలో నిలబెట్టి, నువ్వు పోలీసువి, అడుగు, అనేవాడు. నేను అడగబోయి నవ్వేదాన్ని. రిదాని ఒళ్ళో పడుకోబెట్టుకుని వాడి ముఖంలోకి వంగి అదే మాట అనేవాడు. ఆ గొంతు పొట్టలోంచి వస్తుందేమో, వాడికి చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. బోసినోటితో నవ్వేవాడు.

"పసివాడి దగ్గర ఆ మాటేంటి, పాడు మాట" అని తిట్టేదాన్ని.

"వాడొక్కడే మెచ్చుకుంటున్నాడే. నువ్వు పళ్ళికిలిస్తావు" అనేవాడు.

రిదా మా మొదటివాడు. ఇప్పటికీ వీధిలో నన్ను రిదా వాళ్ళమ్మ అనే పిలుస్తారు. సబ్రీన్ పుట్టి, పెళ్ళయి, విడిపోయి తిరిగొచ్చి, పిల్లల తల్లయినా నేను రిదా వాళ్ళమ్మనే. షూటింగు అయిన కొద్దిరోజులకే వాడికి జలుబు ముదిరి రొమ్ము పట్టేసింది. తెల్లగుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే నేను ఉన్ని దుప్పటి తెచ్చి మీద కప్పాను. మా మామగారు తీసేశారు. మళ్ళీ కప్పాను. వాడికి చలేస్తుంది, చలేస్తుంది అంటూనే ఉన్నానట. నాకు గుర్తు లేదు, తరవాత ఆడవాళ్ళు చెప్పారు. ఆయన ఆ దుప్పటి నా చేతుల్లోంచి తీసుకుని, దాన్ని కూడా తనతో పట్టుకెళ్ళాడు. దాన్ని ఏం చేశాడో నేను అడగలేదు.

ఆ మాట మా ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ వినబడలేదు.

*

లుత్ఫీ గారి ఇల్లు ఊరి మధ్యన పాత మేడలో ఉంది. మధ్యాహ్నమే అయినా కిటికీలకు మందపాటి తెరలు దించేశారు. గోడల నిండా పోస్టర్లు, పిస్తోళ్ళు, అరుస్తున్న ఆడవాళ్ళు. నేను నల్ల గౌనూ, మంచి ముసుగూ వేసుకుని వెళ్ళాను. ఫోటోని తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టి, ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన సబ్రీన్.

నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. అందరూ వచ్చి పలకరించారు. ఒక అమ్మాయి నా చెయ్యి ముద్దుపెట్టుకుంది. పుదీనా టీ ఇచ్చారు, పుచ్చగింజలు ఇచ్చారు. లుత్ఫీ గారు అందరికంటే పెద్దాయన, మనిషి మర్యాదస్తుడు.

"రిదా వాళ్ళమ్మగారూ, మీరు రావడం మా అదృష్టం" అన్నాడు. "ఈ సినిమాని మేం ఎన్నిసార్లు చూశామో చెప్తే మీరు మాకు వైద్యం చేయిస్తారు."

"మీరే డాక్టరు కదండీ" అంది సబ్రీన్.

"నేను కళ్ళకే అమ్మా. ఇది తలకి పట్టిన జబ్బు."

దీపాలు ఆర్పారు. మిషను చప్పుడు మొదలైంది. తెర మీద గీతలు, మచ్చలు, తరవాత పేర్లు. పెద్ద పేర్లు పెద్ద అక్షరాల్లో ఒకటొకటిగా వచ్చాయి. చివర చిన్న అక్షరాల్లో ఒక గుంపు వచ్చింది. నేను వేగంగా చదవలేను. నా కన్ను పై నుంచి కిందికి ఒక్కో పేరూ పట్టుకుంటూ దిగుతోంది. కింది నుంచి రెండోది. బయ్యూమీ. మాయమైపోయేలోగా చదివేశాను. సబ్రీన్ చెయ్యి పట్టుకున్నాను. ఆయన బతికుండగా నేను చదవలేని పేరు అది.

కథ నాకు సరిగ్గా పట్టలేదు. ఎవరో డబ్బున్నాయన మాయమవుతాడు, పోలీసు అధికారి వెతుకుతాడు. మధ్యలో రీళ్ళు లేని చోట లుత్ఫీ గారు లేచి, ఇక్కడ ఇలా జరుగుతుంది, అని రెండు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. నేను ఎదురుచూస్తోంది ఐసు కోసం. ఐసు వచ్చింది. పొగలు. ఆ పొగల్లోంచి మా ఆయన వచ్చాడు.

ఎంత చిన్నవాడో. ఇప్పుడు నా కొడుకని చెప్పుకోవచ్చు. భుజం కొంచెం వంచి నడిచే ఆ నడక అదే. నా వెనక కుర్చీలన్నీ ముందుకు జరిగాయి. ఎవరో, వస్తోంది వస్తోంది, అని గుసగుసలాడారు. నేను ఊపిరి బిగబట్టాను. చెవి ముందుకు వంచాను.

పోలీసు అధికారి అడిగాడు. మా ఆయన నోరు తెరిచాడు.

"మృతులకు శీతబాధ యుండదు మహాశయా."

సన్నటి గొంతు. మధ్యాహ్నం రేడియోలో నీతికథలు చదివే గొంతు. ఒక్కో అక్షరం కడిగి ఆరబెట్టినట్టు ఉంది. మా ఆయన నోరు మూతపడిపోయాక కూడా ఆ మాట ఇంకా సాగుతూనే ఉంది.

గదిలో అందరూ ఆ మాటని గొంతు కలిపి అన్నారు. అదే సన్నటి గొంతులో, రాగం తీసి. తరవాత ఒకటే నవ్వు. చప్పట్లు. వెనకెవరో, మహాశయా, అని మళ్ళీ అన్నారు, మళ్ళీ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ మాటంటే వాళ్ళకు ప్రాణం.

నేను అనుకున్నాను, ఇది వేరే ఎవరో మాట్లాడి ఉంటారు, ఇప్పుడు ఆయన మాట్లాడతాడు, అని. తెర మీద పోలీసు అధికారి తలుపు వైపు వెళ్ళిపోతున్నాడు. మా ఆయన కొక్కెం కింద పెట్టాడు. పొగ కమ్మేసింది. ఇంక ఆయన రాలేదు.

దీపాలు వేశాక వజీహ్ నవ్వుతూ నా ముందుకొచ్చాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు.

"పెద్దమ్మా, ఏమైంది?"

"అది ఆయన గొంతు కాదు" అన్నాను.

"అవును. అదే కదా అందం" అన్నాడు. అనేశాక అతనికి అర్థమైంది. "మీకు తెలియదా? తెలుసనుకున్నాను. ఈ సినిమా గురించి తెలిసినవాళ్ళందరికీ…"

"ఈ సినిమా గురించి మాకేం తెలుసు" అంది సబ్రీన్. "మాకు తెలిసింది మా నాన్న ఒక్కడే."

లుత్ఫీ గారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఐస్ ఫ్యాక్టరీ మిషన్ల హోరులో మాట పట్టడం కుదరదట. తరవాత స్టూడియోలో బొమ్మ వేసి, దాన్ని చూస్తూ మాట మళ్ళీ చెప్పించి ఎక్కిస్తారట. ఆ కాలంలో అన్ని సినిమాలకూ అంతే. ఎక్కించాల్సిన రోజు మా ఆయన రాలేదు. ఒక్క మాట కోసం ఇంకో రోజు స్టూడియో తీసుకునే స్థోమత నిర్మాతకు లేదు. పక్క గదిలో రేడియో నాటకానికి వచ్చినాయన ఉంటే పిలిచి చెప్పించారు. ఆయన తన పద్ధతిలో చెప్పి వెళ్ళిపోయాడు.

"ఆయన ఎందుకు రాలేదు?" అని అడిగాను.

లుత్ఫీ గారు కొంచెం ఇబ్బందిపడ్డాడు. "ఇవన్నీ హోటల్లో చెప్పుకునే కబుర్లమ్మా. మేస్త్రీ తన తమ్ముణ్ణి ఇంటికి పంపాడట. మీ ఆయన తలుపు తీసి, రానని చెప్పి, మళ్ళీ తలుపు వేసేసుకున్నాడట. పొద్దున్నే తాగి ఉన్నాడని అంటారు."

ఆ తమ్ముణ్ణి నేను చూశాను. ఒక కంటికి పువ్వు ఉండేది.

ఆ రోజు రిదా పోయిన నలభైయో రోజు. నేను రహ్మా రొట్టెలు చేసి, బుట్టలో సర్ది, పైన ఖర్జూరాలు పోస్తున్నాను, ఖబరస్తాన్‌లో వాడి పేరున బీదవాళ్ళకు పంచడానికి. తలుపు చప్పుడైంది. ఆయన వెళ్ళి తీశాడు. ఆ పువ్వు కన్ను తలుపు సందులోంచి కనిపించింది. ఏవో రెండు మాటలు. ఆయన తలుపు వేసి వచ్చాడు.

"ఎవరు?" అన్నాను.

"ఎవరో ఇల్లు తప్పి వచ్చారు" అన్నాడు. బుట్ట తీసి తల మీద పెట్టుకున్నాడు. మా వీధిలో మగవాళ్ళు రొట్టెల బుట్ట మొయ్యరు. వీధంతా చూసింది. ఆ రోజు సాయంత్రం దాకా నేను ఆ మట్టి దగ్గర నుంచి లేవలేదు. ఆయన నా వెనకే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లే అనలేదు, పోదాం అనలేదు.

స్టూడియోకి వెళ్ళి ఉంటే, ఆ రోజు, ఆ నోటితో, ఏ మాట చెప్పాల్సి వచ్చేది?

యుద్ధం అయిపోయాక ఎక్కడో ఆ సినిమా వేస్తున్నారని తెలిసి ఆయన ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఎలా ఉందని అడిగితే, చూసేంత ఏం లేదే, అన్నాడు. సినిమా ఆడలేదని బాధపడుతున్నాడనుకున్నాను. తరవాత ఆ కాఫీ హోటలుకు ఎక్కువగా వెళ్ళేవాడు కాదు. అక్కడివాళ్ళు ఆయన్ని చూసి, మహాశయా, అని పిలిచేవారేమో. నాకెప్పుడూ చెప్పలేదు.

"ఆయన తాగేవాడు కాదు" అన్నాను లుత్ఫీ గారితో.

"అయ్యో, నేను మరోలా…"

"ఆ రోజు మాకు ఇంట్లో పనుంది. అందుకని రాలేదు. ఎవరైనా అడిగితే అలా చెప్పండి."

"అలాగేనమ్మా" అన్నాడు. ఏం పని అని అడగలేదు. కళ్ళ డాక్టరు కదా, మనుషుల కళ్ళు చూడటం తెలుసు.

ఎవరూ పుచ్చగింజలు కొరకడం లేదు. నా చెయ్యి ముద్దుపెట్టుకున్న అమ్మాయి గోడ వైపు తిరిగి నిలబడింది. ఇంటికి వెళ్దామని లేస్తే సంచి బరువుగా తగిలింది. తువ్వాలు విప్పి ఫోటో తీశాను. వజీహ్ చెయ్యి చాపలేదు.

"ఒద్దు పెద్దమ్మా" అన్నాడు.

"ఇస్తానన్నాను కదా బాబూ."

"అన్నారు. కానీ ఒద్దు."

ఫోటో వైపు చూశాను. ఇన్నేళ్ళు రోజూ చూసిందే. పెదాలు గట్టిగా బిగించి ఉన్నాడు. ఇందులోకి ఎవరూ వాళ్ళ మాట పెట్టలేరు.

"మాట తప్పుతున్నానని అనుకో" అన్నాను. "ఇందులో ఆయన నోరు మూసుకుని ఉన్నాడు. ఇది నా దగ్గరే ఉండనీ."

మెట్లు దిగి టాక్సీ దాకా వచ్చాడు. కింద టాక్సీ తలుపు మూస్తూ, "ఆయన గొంతు ఎలా ఉండేది పెద్దమ్మా?" అని అడిగాడు.

చెబుదామని నోరు తెరిచాను. టాక్సీవాడు హారన్ కొట్టాడు. ముందుకు పోనియ్యమన్నాను.

*

ఇంటికొచ్చాక సబ్రీన్ ఫోటోని మేకుకు తగిలించి, వంకరగా ఉందని సర్ది, అంది. "అమ్మా, పోనీ కనిపించాడు కదా. నడిచాడు కదా."

"నడిచాడు" అన్నాను.

తను పిల్లలకు అన్నం పెట్టడానికి వెళ్ళింది. నేను మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. రోజూ ఆ వేళకు నాకొక అలవాటు ఉంది. ఆయన కబేళా నుంచి వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపలికి తల పెట్టి, ఇన్సాఫ్, టీ ఉందా, అని నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పిలుపు తలుచుకుంటాను. గొంతు సరిగ్గా అందేది కాదు. గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు, లావుగా, మసకగా, బరువు మాత్రం తెలిసేది. ఆ బరువు చాలు అనుకునేదాన్ని.

తలుచుకున్నాను. చెప్పులు విడిచాడు. తల లోపలికి పెట్టాడు.

"ఇన్సాఫ్, తేనీరున్నదా?" అన్నాడు, సన్నగా, కడిగి ఆరబెట్టినట్టు.

కళ్ళు తెరిచాను. మళ్ళీ మూసుకుని మొదటి నుంచి తలుచుకున్నాను. చెప్పులు, గుమ్మం. మళ్ళీ అదే గొంతు. లావుగా పలకమని మనసులో ఆయన్ని బతిమాలుకున్నాను. ఒళ్ళో ఉన్న రిదా ముఖంలోకి వంగి ఆయన చెప్పిన మాట తలుచుకున్నాను, అక్కడైనా దొరుకుతుందేమోనని. అక్కడా రేడియో ఆయనే ఉన్నాడు. పసివాడు నవ్వడం లేదు.

లేచి క్యాసెట్టు తెచ్చాను. పాత మిషనులో పెట్టి చివరి దాకా తిప్పాను. పారాయణం ముగిసింది. ఖాళీ టేపు గరగర.

దగ్గాడు. ఇది ఆయనే. ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ పైన నా చెవిలో ఏ గొంతు వస్తుందో నాకిప్పుడు తెలుసు కాబట్టి, అది రాకముందే మిషను ఆపేశాను.